సృజనకారులకు నగరం నిలయం కావాలంటే - తెలుగు చలనచిత్ర పరిశ్రమ తరలింపు అనుభవం

ప్రత్యేక వ్యాసం

హైదరాబాద్: రచయితలు, సంగీత విద్వాంసులు, చిత్రకారులు, నటులు, సాంకేతిక నిపుణులు ఒక నగరానికి ఎందుకు వస్తారు, వచ్చినవారిలో ఎవరు స్థిరపడతారు, ఎవరు వెనుదిరుగుతారు అన్న విషయం నగర పాలనలో నేడు ఒక ముఖ్యాంశంగా పరిణమించింది. పరిశ్రమల కోసం రాయితీలు ప్రకటించినట్లే కళాకారుల కోసం కూడా ప్రకటిస్తే సరిపోతుందన్న అభిప్రాయం అనేక ప్రణాళికలలో కనిపిస్తుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు నిజమో పరిశీలించడానికి తెలుగువారికి పరాయి దేశాల ఉదాహరణలు వెతుక్కోవలసిన అవసరం లేదు. ఒక పరిశ్రమ యావత్తూ, అందులోని వేలాది మందితో సహా, ఒక మహానగరం నుంచి మరో మహానగరానికి తరలివచ్చిన ఉదంతం మన కళ్ల ముందే ఉన్నది. మద్రాసు నుంచి హైదరాబాద్‌కు తెలుగు చలనచిత్ర పరిశ్రమ తరలింపు సుమారు నాలుగు దశాబ్దాల పాటు సాగింది. అంత కాలం ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు లభించే సమాధానం ఇతర నగరాలకూ ఉపయుక్తం కాగలదు. పాత్రికేయుల, అధికారుల సమాచారం నిమిత్తం ఆ వివరాలను ఇక్కడ పొందుపరచడమైనది.

అమెరికా విద్వాంసుడు రిచర్డ్ ఫ్లోరిడా 2002లో వెలువరించిన గ్రంథం తరువాత ఈ అంశంపై ప్రపంచవ్యాప్తంగా చర్చ విస్తృతమైన సంగతి విదితమే. సాంకేతికత, ప్రతిభ, సహనశీలత అనే మూడు గుణాలు గల నగరాలకు సృజనశీలురు తరలివస్తారని, వారి వెంట సంపద వస్తుందని ఆయన ప్రతిపాదించారు. అయితే 2017లో ప్రచురించిన మరో గ్రంథంలో ఆయనే, ఇటువంటి నగరాలలో ఇళ్ల ధరలు పెరిగి సామాన్యులు వెలుపలికి నెట్టివేయబడుతున్న వైనాన్ని వివరించారు. ఈ రెండు గ్రంథాల నడుమ గడిచిన పదిహేనేళ్లలో అనేక నగరాలు మొదటి గ్రంథాన్ని మాత్రమే చదివి ప్రణాళికలు రచించుకున్నాయని చెప్పవచ్చును.

హైదరాబాద్ పోగొట్టుకున్న తొలి చిత్ర నిర్మాత

హైదరాబాద్‌లో చిత్ర నిర్మాణం 1950లలో ప్రారంభమైనదన్న భావన సర్వసాధారణం. వాస్తవానికి అంతకు మూడు దశాబ్దాల పూర్వమే ఇక్కడ మూకీ చిత్రాలు తయారయ్యాయి. బెంగాల్‌కు చెందిన ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో హైదరాబాద్ వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పారు. నిజాం ప్రభువు ఆదరణ ఆయనకు లభించింది. కొద్ది కాలంలోనే పలు మూకీ చిత్రాలు నిర్మించారు. 1924లో ఆయన ప్రదర్శించిన 'రజియా బేగం' చిత్ర కథ పాలకులకు ఆగ్రహం కలిగించింది. ఫలితంగా గంగూలీ తన సంస్థను మూసివేసుకుని నగరం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆయన కలకత్తా చేరి తన కృషిని కొనసాగించారు. 1975 సంవత్సరానికి గాను భారత ప్రభుత్వం ఆయనను దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారంతో గౌరవించింది.

ఆయన నిష్క్రమణ తరువాత హైదరాబాద్‌లో చాలా కాలం వరకు చెప్పుకోదగిన చిత్ర నిర్మాణం జరగలేదు. ఆదరించిన చేయే వెళ్లగొట్టిన ఈ ఉదంతం ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నది. ప్రభువు ఇష్టాయిష్టాలపై మాత్రమే ఆధారపడిన ఆదరణ ఒక్క చిత్రంతో ముగిసిపోగలదు. భూమి, ధనం, అనుమతులు అన్నీ సమకూర్చిన తరువాత కూడా, తాను చెప్పదలచినది చెప్పగలనన్న భరోసా లేనిచోట సృజనకారుడు నిలవడు.

కోస్తా ప్రాంతంలోనూ ప్రయత్నాలు జరగకపోలేదు. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ నెలకొల్పారు. విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ వెలిసింది. ఇవి రెండూ ఎక్కువ కాలం మనలేదు. పెట్టుబడి పెట్టినవారి ఉత్సాహంలో లోపం లేదు. స్టూడియో ఒక్కటే ఉండి, దాని చుట్టూ ఉండవలసినవి లేకపోవడమే ప్రధాన కారణమని భావించవలసి ఉంటుంది. ఆ 'చుట్టూ ఉండవలసినవి' ఏమిటో తెలుసుకోవాలంటే మద్రాసును పరిశీలించాలి.

మద్రాసు బలం ఎక్కడ ఉన్నది?

తెలుగు చలనచిత్ర పితామహుడిగా పేరొందిన రఘుపతి వెంకయ్య మద్రాసు కేంద్రంగానే ప్రదర్శనశాలలు, చిత్ర నిర్మాణం సాగించారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' బొంబాయిలో తయారైనప్పటికీ, ఆ తరువాత కొద్ది ఏళ్లలోనే నిర్మాణం మద్రాసుకు చేరుకున్నది. జెమినీ, వాహినీ, ఏవీఎం వంటి స్టూడియోలు, ఫిల్ము ప్రాసెసింగ్ ల్యాబ్‌లు, శబ్దగ్రహణ థియేటర్లు కోడంబాకం, వడపళని పరిసరాలలో విస్తరించాయి. బి. నాగిరెడ్డి నిర్వహించిన విజయా-వాహినీ స్టూడియో ఆసియాలోనే అతి పెద్దదిగా ఒకప్పుడు ప్రసిద్ధి చెందింది.

భవనాల కన్నా విలువైనది మరొకటి అక్కడ ఉన్నది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, కొంతవరకు హిందీ చిత్రాలు ఒకే పేటలో తయారయ్యేవి. ఛాయాగ్రాహకుడు, ఎడిటర్, మేకప్ నిపుణుడు, సెట్టు వేసే వడ్రంగి, వయొలిన్ వాయించే వాద్యకారుడు ఒక భాషలో పని తగ్గితే మరో భాషలో పని వెతుక్కునేవారు. ఏడాదిలో ఖాళీగా గడిపే రోజులు తక్కువ. నెల నెలా ఇంటి అద్దె చెల్లించవలసిన మనిషికి ఇంతకన్నా పెద్ద ప్రోత్సాహకం లేదు. స్టూడియో యజమానికి రాయితీ ఇవ్వడం వేరు, రేపటి పని ఉన్నదన్న నమ్మకం కార్మికుడికి ఇవ్వడం వేరు. మద్రాసు రెండవదానిని ఎవరూ ప్రకటించకుండానే ఇచ్చింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. మద్రాసు నగరం తెలుగువారికి దక్కలేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాజధాని అయింది. పరిపాలన తరలిరావడానికి ఒక ఉత్తర్వు చాలింది. చిత్ర పరిశ్రమకు ఆ విధంగా ఉత్తర్వు జారీ చేయడం ఎవరి వల్లా కాదు.

స్టూడియో వచ్చింది, మనుషులు ఆలస్యంగా వచ్చారు

చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ చొరవతో అమీర్‌పేటలో సారథి స్టూడియో నిర్మితమైంది. గుత్తా రామినీడు దర్శకత్వంలో 1959లో విడుదలైన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాద్‌లో చిత్రీకరించిన తొలి తెలుగు చిత్రంగా చరిత్రకెక్కింది. ఆ స్టూడియో ప్రారంభంతో పరిశ్రమ మొత్తం కదిలివస్తుందన్న ఆశలు ఏర్పడ్డాయి. అలా జరగలేదు. నటీనటులు, సాంకేతిక నిపుణులు మద్రాసు నుంచి రైలులో వచ్చి, చిత్రీకరణ ముగించుకుని, తిరిగి మద్రాసుకే వెళ్లేవారు. ల్యాబ్ పనులు, పాటల రికార్డింగు, రీ-రికార్డింగు వంటి అనంతర కార్యక్రమాలకు మద్రాసే దిక్కయ్యేది. నిర్మాతకు ప్రయాణాలు, బసల ఖర్చు అదనంగా పడేది.

ఈ దశలో ఒక నటుడు తీసుకున్న నిర్ణయం విశేష ప్రభావం చూపింది. అక్కినేని నాగేశ్వరరావు 1960ల మొదటి భాగంలో మద్రాసులోని స్థిరనివాసాన్ని వదిలి కుటుంబ సమేతంగా హైదరాబాద్‌కు వచ్చారు. తన చిత్రాల నిర్మాణం హైదరాబాద్‌లోనే జరగాలన్న నియమాన్ని నిర్మాతల ముందుంచారు. అగ్రస్థానంలో ఉన్న కథానాయకుడు కనుక ఆ నియమం చెల్లుబాటయింది. ఒక అసిస్టెంట్ కెమెరామన్ అటువంటి నియమం పెట్టలేడు. కనుకనే పేరున్నవారి తరలింపును చూసి పరిశ్రమ తరలివచ్చిందని లెక్కించడం పొరపాటు. వారి నిర్ణయం ఇతరులకు పని కల్పించింది, ఇల్లు కల్పించలేదు.

రాష్ట్ర ప్రభుత్వం తన వంతుగా 1964లో నంది పురస్కారాలను ప్రవేశపెట్టింది. లేపాక్షి నందిని చిహ్నంగా స్వీకరించిన ఈ పురస్కారాలలో తొలి ఏడాది ఉత్తమ చిత్రంగా 'డాక్టర్ చక్రవర్తి' ఎంపికైంది. 1975లో చలనచిత్రాభివృద్ధి సంస్థ ఏర్పాటయింది. రాష్ట్రంలో చిత్రీకరణ జరుపుకున్న చిత్రాలకు నగదు రాయితీలు, వినోదపు పన్నులో మినహాయింపులు వివిధ కాలాలలో అమలయ్యాయి. వీటి ప్రయోజనాన్ని తక్కువ చేయనవసరం లేదు. అయితే రాయితీ నిబంధన చిత్రీకరణ ఎక్కడ జరిగిందని అడుగుతుంది గాని, పనిచేసినవారు ఎక్కడ నివసిస్తున్నారని అడగదు. నిబంధన అడిగినదే పరిశ్రమ సమకూర్చింది. షూటింగులు వచ్చాయి, షూటింగు చేసేవారి కుటుంబాలు చాలా కాలం కోడంబాకం, టీ నగర్ ప్రాంతాలలోనే ఉండిపోయాయి.

బంజారా కొండలపై మారిన పరిస్థితి

1976లో అక్కినేని బంజారాహిల్స్‌లో 22 ఎకరాల విస్తీర్ణంలో అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించారు. నేడు నగర నడిబొడ్డుగా కనిపిస్తున్న ఆ స్థలం నాడు బండరాళ్లు, ముళ్లపొదలు నిండిన శివారు ప్రాంతం. అదే ఏడాది ఎన్.టి. రామారావు రామకృష్ణా సినీ స్టూడియో నెలకొల్పారు. 1977లో విడుదలైన 'దానవీరశూర కర్ణ' ఆ స్టూడియోలో రూపుదిద్దుకున్నది. తరువాతి దశాబ్దంలో కృష్ణ నెలకొల్పిన పద్మాలయా, డి. రామానాయుడు నిర్మించిన స్టూడియో ఆ వరుసలో చేరాయి. జూబ్లీహిల్స్‌లో పరిశ్రమ వారి నివాసాల కోసం ఫిలింనగర్ అభివృద్ధి చెందింది. 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ ప్రారంభమైంది. 1,600కు పైగా ఎకరాల ఆ ప్రాంగణం ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తింపు పొందింది.

ఒకటి రెండు స్టూడియోలు ఉన్నప్పుడు కదలనివారు, అయిదారు ఉన్నప్పుడు కదలడంలో ఆశ్చర్యం లేదు. ఒక చోట పని ఆగినా మరో చోట దొరుకుతుంది. దీనికి తోడు టెలివిజన్ తన పాత్ర నిర్వహించింది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1995లో ప్రైవేటు తెలుగు ఛానళ్లు ప్రవేశించడంతో దినసరి ధారావాహికల నిర్మాణం ఊపందుకున్నది. చిత్ర చరిత్రకారులు సినిమా కథనాయకుల గురించి వ్రాసినంతగా ధారావాహికల గురించి వ్రాయరు. కాని మద్రాసులో నాలుగు భాషలు చేసిన పనిని హైదరాబాద్‌లో టెలివిజన్ చేసిందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. సినిమా ఆగిన నెలలో కూడా లైట్‌మన్‌కు, డబ్బింగు కళాకారిణికి, సంభాషణల రచయితకు దినభత్యం దొరికే మార్గం ఏర్పడింది. 1990ల మధ్య నాటికి తెలుగు పరిశ్రమలో అత్యధిక భాగం హైదరాబాద్‌కు చేరుకున్నది.

చివరగా కదిలిన సంగీతం

అన్ని శాఖల కన్నా ఆలస్యంగా కదిలినది సంగీతం. స్టూడియోలు, ల్యాబ్‌లు ఇక్కడ వెలిసిన తరువాత కూడా తెలుగు పాటల రికార్డింగు చాలా ఏళ్లు మద్రాసులోనే కొనసాగింది. కారణం గ్రహించడం కష్టం కాదు. ఆర్కెస్ట్రాలోని వాద్యకారులు ఒక్కొక్కరుగా కాక సమూహంగా పనిచేస్తారు. నలభై మంది వాద్యకారులలో పదిమంది వచ్చినంత మాత్రాన రికార్డింగు జరగదు. వారికి సంగీత సభలు, కచేరీలు, శిష్యులు, ఇతర భాషల రికార్డింగులు అన్నీ మద్రాసులోనే ఉన్నాయి. కంప్యూటర్ ఆధారిత శబ్దగ్రహణ పద్ధతులు వచ్చి, పెద్ద ఆర్కెస్ట్రా అవసరం తగ్గిన తరువాతనే ఈ ముడి సడలింది. అంటే వాద్యకారులు రావడం వల్ల కన్నా వారి అవసరం తగ్గడం వల్లనే తరలింపు సాధ్యమైంది. దీనిని విజయంగా లెక్కించవచ్చునా అన్నది ఆలోచించవలసిన విషయం.

కొందరు ప్రముఖులు ఎన్నడూ రాలేదు. బాపు, ముళ్లపూడి వెంకటరమణ జంట తెలుగు సంస్కృతికి ప్రతీకలుగా మన్ననలు పొందినప్పటికీ జీవితాంతం మద్రాసులోనే నివసించారు. ముళ్లపూడి 2011లో, బాపు 2014లో అక్కడే కన్నుమూశారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020లో మరణించేవరకు చెన్నై వాసి. పరిశ్రమ తరలిపోయినా వారిని ఆ నగరం నిలుపుకోగలిగింది. ఆ నగరం ప్రత్యేక పథకమేదీ ప్రకటించి వారిని నిలుపుకోలేదు. దశాబ్దాల స్నేహాలు, ఇరుగుపొరుగు, అలవాటైన వీధులు, పిల్లల చదువులు ఆ పని చేశాయి. ఇవేవీ ప్రభుత్వ ఉత్తర్వులలో అంశాలుగా కనిపించవు.

కృష్ణానగర్, చిత్రపురి

హైదరాబాద్ చలనచిత్ర రంగానికి ఫిలింనగర్ ముఖమైతే కృష్ణానగర్ వెన్నెముక. యూసుఫ్‌గూడ, ఇందిరానగర్‌లతో కలిసి ఉన్న ఈ ప్రాంతం చిన్న గదులు, పంచుకునే అద్దెలు, తక్కువ ధర మెస్సులతో నిండి ఉంటుంది. జిల్లాల నుంచి వచ్చిన యువకుడు తొలిరోజు దిగేది ఇక్కడే. జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్లు, డ్యాన్సర్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, ప్రొడక్షన్ అసిస్టెంట్లు ఉదయాన్నే పిలుపు కోసం ఎదురుచూసే కూడళ్లు ఇక్కడివే. స్టూడియోలకు నడిచి లేదా సిటీ బస్సులో పదిహేను నిమిషాలలో చేరుకోగల దూరంలో చవకైన గది దొరకడం అన్నది యాదృచ్ఛికంగా ఏర్పడిన సౌకర్యం. పరిశ్రమలో ప్రవేశించే ప్రతివారికీ తొలి రెండు మూడేళ్లు ఆదాయం ఉండదు, లేదా నామమాత్రంగా ఉంటుంది. ఆ రెండు మూడేళ్లు నగరంలో తట్టుకుని నిలవగలిగినవాడే రేపటి రచయిత, రేపటి దర్శకుడు. తట్టుకోలేనివాడిలో ఎంత ప్రతిభ ఉన్నదో ఎవరికీ తెలియకుండానే అతడు స్వగ్రామానికి వెళ్లిపోతాడు. ఏ గణాంకాలలోనూ అతడి లెక్క ఉండదు.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ధరల ప్రభావం ఈ ప్రాంతంపై కూడా పడింది. పాత రెండంతస్తుల ఇళ్ల స్థానంలో అపార్టుమెంట్లు, వాణిజ్య సముదాయాలు వెలుస్తున్న కొద్దీ చవకైన గదులు తరుగుతాయి. పట్టణ ప్రణాళికలో పాత భవనాలను కేవలం శిథిలాలుగా చూడరాదని, కొత్తగా జీవితం ప్రారంభించేవారికి అవే ఆశ్రయమని అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే వివరించారు.

కార్మికుల గృహ సమస్య పరిష్కారానికి మణికొండ సమీపంలో సినీ కార్మికుల సహకార గృహనిర్మాణ సంఘానికి ప్రభుత్వం 60 ఎకరాలకు పైగా భూమి కేటాయించింది. చిత్రపురి కాలనీగా ప్రసిద్ధమైన ఈ పథకం ఉద్దేశం ఆదర్శప్రాయమైనది. ఆచరణలో నిర్మాణం దశాబ్దాల తరబడి సాగింది. సభ్యత్వాలు, కేటాయింపులపై వివాదాలు, విచారణలు ఎదురయ్యాయి. 1990లలో ఇంటి కోసం పేరు నమోదు చేసుకున్న కార్మికుడు తాళం చెవి అందుకునే నాటికి పదవీ విరమణ వయసుకు చేరుకుంటే, ఆ ఇల్లు అతడిని నగరంలో నిలిపిందని చెప్పడం కష్టం. గృహ పథకాలలో స్థలం ఎంత అన్నదానితో సమానంగా ఎప్పటికి అన్నదీ ముఖ్యమని ఈ ఉదాహరణ తెలియజేస్తున్నది.

నాటకరంగంలో మరో ఉదాహరణ గమనార్హం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజాల కుటుంబాలు ఊరూరా డేరాలు వేసుకుంటూ జీవించేవి. హైదరాబాద్‌లోని లింగంపల్లి వద్ద సురభి కాలనీ ఏర్పడడంతో పలు కుటుంబాలకు స్థిరమైన చిరునామా లభించింది. పిల్లలు బడికి వెళ్తూనే రంగస్థలం ఎక్కగలిగారు. 140 ఏళ్ల వయసున్న ఒక కళారూపం నేటికీ ప్రదర్శనలిస్తున్నదంటే అందులో ఆ ఇళ్ల పాత్ర స్వల్పమేమీ కాదు.

పని పరిస్థితులు కూడా నివాసంతో సమానంగా ప్రభావం చూపుతాయి. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మిక సమాఖ్య 30 శాతం వేతన పెంపు కోరుతూ సమ్మె చేయగా చిత్రీకరణలు రెండు వారాలకు పైగా నిలిచిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం చొరవతో చర్చలు జరిగి, మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంపునకు ఒప్పందం కుదిరింది. వందల కోట్ల రూపాయల వ్యయంతో తయారయ్యే చిత్రాలకు నిలయమైన నగరంలో దినసరి వేతనం మీద ఇంత సుదీర్ఘ ప్రతిష్టంభన ఏర్పడడం యోచించదగినది. 2023 మార్చిలో ఎం.ఎం. కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ పురస్కారం అందుకున్న సందర్భంలో నగరం మొత్తం గర్వించింది. ఆ వేదిక మీది వెలుగుకూ ఈ సమ్మెకూ మధ్య రెండున్నరేళ్ల దూరమే ఉన్నది.

జీతం ఇచ్చి నిలుపుకున్న విజయవాడ

చలనచిత్రేతర రంగాలలో కళాకారులను నగరంలో నిలిపిన సాధనాలలో ఆకాశవాణి అగ్రగణ్యమైనది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం కవులకు, గాయకులకు, వాద్యకారులకు నెలజీతంతో కూడిన ఉద్యోగాలు కల్పించింది. బాలాంత్రపు రజనీకాంతరావు ఆకాశవాణి ఉద్యోగిగా ఉంటూనే వాగ్గేయకారుల చరిత్ర రచించి, 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఈ కేంద్రంలో పనిచేసిన కాలంలోనే 'భక్తిరంజని' కార్యక్రమం తెలుగు ఇళ్లలో ఉదయపు అలవాటుగా మారింది. ఆ తరంలో విజయవాడకు లభించిన సాంస్కృతిక ప్రతిష్ఠకు ఇటువంటి కొద్దిపాటి ఉద్యోగాలే మూలం.

బాలమురళీకృష్ణ అనంతరం మద్రాసు చేరి 2016లో మరణించేవరకు అక్కడే నివసించారు. ఆ స్థాయి విద్వాంసుడికి అవసరమైన సభలు, శ్రోతలు, ప్రచురణ, రికార్డింగు అవకాశాలు అక్కడ ఉన్నాయి. రజనీకాంతరావు 2018లో విజయవాడలోనే కన్నుమూశారు. ఒకే కేంద్రంలో పనిచేసిన ఇద్దరిలో ఒకరిని ఆ నగరం నిలుపుకున్నది, మరొకరిని నిలుపుకోలేకపోయింది. ఆకాశవాణిలో ఆస్థాన కళాకారుల నియామకాలు క్రమేణా తగ్గిన తరువాత మధ్యశ్రేణి నగరాలలో కళాకారుడికి నెలజీతం ఇచ్చే సంస్థలు అరుదైపోయిన విషయం విస్మరించరానిది. పురస్కారం ఏడాదికి ఒక్క రోజు వేడుక. జీతం పన్నెండు నెలలు వస్తుంది.

కేరళ అనుభవం

ప్రభుత్వం కోరుకున్న నగరంలోనే సృజనకారులు స్థిరపడతారన్న హామీ లేదు. కేరళ ప్రభుత్వం 1975లో చలనచిత్రాభివృద్ధి సంస్థను నెలకొల్పి, 1980లో రాజధాని తిరువనంతపురంలో చిత్రాంజలి స్టూడియోను ప్రారంభించింది. మలయాళ పరిశ్రమ కూడా మద్రాసు నుంచి క్రమంగా స్వరాష్ట్రానికి చేరుకున్నది. కాని కాలక్రమంలో దానికి ప్రధాన కేంద్రంగా రూపొందినది రాజధాని కాదు, కొచ్చి. వాణిజ్య కేంద్రం కావడం, రాష్ట్రానికి దాదాపు మధ్యన ఉండడం, పంపిణీదారులు, ప్రదర్శకులు దగ్గరలో ఉండడం అందుకు దోహదం చేశాయి. ప్రభుత్వం స్టూడియోను ఒక నగరంలో నిర్మించగా పరిశ్రమ మరో నగరాన్ని ఎంచుకున్నది.

అదే పరిశ్రమలో మహిళల పని పరిస్థితుల అధ్యయనానికి 2017లో నియమితమైన జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో నివేదిక సమర్పించింది. అది 2024 ఆగస్టులో బహిర్గతమైంది. వేధింపుల ఫిర్యాదులతో పాటు చిత్రీకరణ స్థలాలలో మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదులు కూడా లేని పరిస్థితిని ఆ నివేదిక వెల్లడించింది. సృజనాత్మక నగరాల చర్చలో సహనశీలత అనే పదాన్ని విశాలార్థంలో వాడుతుంటారు. రాత్రి పది గంటలకు డబ్బింగు ముగించుకుని ఇంటికి చేరవలసిన కళాకారిణికి దాని అర్థం ఒక బస్సు, ఒక వీధి దీపం, ఫిర్యాదు చేస్తే వినే ఒక అధికారి.

కొత్త శాఖలు, పాత ప్రశ్న

విజువల్ ఎఫెక్ట్స్, యానిమేషన్, గేమింగ్ రంగాలు హైదరాబాద్‌కు ఇటీవలి బలం. 2012లో విడుదలైన 'ఈగ', 2015, 2017లలో విడుదలైన 'బాహుబలి' చిత్రాలు ఇక్కడి గ్రాఫిక్స్ నిపుణుల శక్తిని చాటాయి. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన ఐటీ విస్తరణ లేకపోతే ఈ నిపుణులు ఇంత సంఖ్యలో నగరంలో ఉండేవారు కారు. ఒక రంగం మరో రంగానికి తెలియకుండానే మనుషులను సమకూర్చిన ఉదాహరణ ఇది. అయితే అదే ఐటీ విస్తరణ మణికొండ, గచ్చిబౌలి ప్రాంతాల అద్దెలను జూనియర్ ఆర్టిస్టు అందుకోలేని స్థాయికి చేర్చింది.

గుర్తింపుల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చును. యునెస్కో 2004లో సృజనాత్మక నగరాల సమాఖ్యను ప్రారంభించింది. మన దేశం నుంచి జైపూర్, వారణాసి 2015లో, చెన్నై 2017లో, హైదరాబాద్, ముంబయి 2019లో అందులో చేరాయి. ముంబయికి సినిమా విభాగంలో, చెన్నైకి సంగీత విభాగంలో స్థానం లభించగా హైదరాబాద్‌కు పాకశాస్త్ర విభాగంలో లభించింది. బిర్యానీకి, హలీంకు దక్కిన గౌరవం ఆనందదాయకమే. ప్రపంచంలో అతి పెద్ద స్టూడియో సముదాయం గల నగరం వంటకాలతో ప్రవేశించడం మాత్రం చిత్రమైన విషయం.

విశాఖపట్నం ముందున్న అంశాలు

2014లో రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో చిత్ర పరిశ్రమను అభివృద్ధి చేయాలన్న ప్రతిపాదనలలో విశాఖపట్నం పేరు ప్రముఖంగా వినిపిస్తున్నది. ఆ నగరానికి అర్హతలు లేకపోలేదు. 1978లో విడుదలైన 'మరోచరిత్ర' నాటి నుంచి విశాఖ సముద్రతీరం, భీమిలి, అరకు లోయ వెండితెరకు సుపరిచితం. భీమిలి మార్గంలో రామానాయుడు స్టూడియో కూడా వెలిసింది. నటనలో శిక్షణ ఇచ్చే సత్యానంద్ సంస్థ నుంచి ప్రభాస్ వంటి అగ్ర కథానాయకులు వెలువడ్డారు.

అందాలు, స్టూడియో, శిక్షణ మూడూ ఉన్నప్పటికీ పరిశ్రమ అక్కడ స్థిరపడలేదు. హైదరాబాద్ 1959లో ఉన్న దశలోనే విశాఖ ఉన్నదని చెప్పవచ్చును: చిత్రీకరణ బృందాలు వస్తాయి, హోటళ్లలో బస చేస్తాయి, షెడ్యూలు ముగిశాక వెళ్లిపోతాయి. ఎడిటింగు, శబ్దగ్రహణ, గ్రాఫిక్స్, సెట్టు నిర్మాణ పనులు స్థానికంగా ఏడాది పొడవునా లభించే ఏర్పాటు ఇంకా లేదు. సినిమాలే చాలకపోతే ఓటీటీ ధారావాహికలు, ప్రకటన చిత్రాలు, ఆంధ్ర విశ్వవిద్యాలయ నాటక విభాగం, ఒడియా చిత్రాల అనంతర కార్యక్రమాలు ఆ లోటును కొంత పూరించగలవేమో పరిశీలించవచ్చును. పొరుగు భాష చిత్రాలను కలుపుకోవడమే ఒకనాడు మద్రాసుకు బలమైంది.

ఇటువంటి ప్రతిపాదనలపై సమాచారం సేకరించే పాత్రికేయులు, నివేదికలు రూపొందించే అధికారులు సాధారణంగా కేటాయించిన ఎకరాలు, అంచనా పెట్టుబడి, మంజూరైన రాయితీ నమోదు చేస్తారు. వాటితో పాటు నగరంలో నివసిస్తూ గత పన్నెండు నెలలలో కనీసం ఆరు నెలలు పని దొరికిన సాంకేతిక నిపుణులు ఎందరు, స్టూడియోకు అరగంట దూరంలో ఒక గది అద్దె ఎంత, శిక్షణ పొందినవారిలో అయిదేళ్ల తరువాత అదే నగరంలో ఉన్నవారు ఎందరు అన్న వివరాలు కూడా ఏటా సేకరించడం ప్రయోజనకరం. ప్రస్తుతానికి విశాఖలో నటన నేర్చుకున్న యువకుడు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు ఉదయం కృష్ణానగర్‌లో గది వెతుక్కుంటున్నాడు.